తెలియని మనిషి కోసం రాసే పుస్తకం

చర్చి ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉంటారు. "మా అమ్మానాన్నల పెళ్లి ఈ చర్చిలోనే అయిందటండీ, సర్టిఫికెట్ కావాలి" అంటారు. ఏ సంవత్సరమో తెలియదు. పెళ్లి చేసిన అయ్యగారెవరో తెలియదు. "నేను పుట్టకముందు" అన్నదొక్కటే ఆధారం. ఇప్పుడున్న పాస్టరుగారు బదిలీ మీద వచ్చి రెండేళ్లు. సంఘ పెద్దల్లో ఆ ఇంటిపేరు విన్నవాళ్లు లేరు. ఇక ఆ కుటుంబాన్ని ఎరిగింది బీరువాలోని పుస్తకమొక్కటే.

చర్చి ఆఫీసు పద్ధతిగా ఉందంటే ఫైళ్లు వరుసగా పేర్చి ఉన్నాయనుకుంటాం. అసలు పరీక్ష పెట్టేది మాత్రం మెట్ల మీద కూర్చున్న ఇలాంటి మనిషే.

చర్చి ఆఫీసు పనికి మూలం బైబిల్లోనే ఉంది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో, యెరూషలేము సంఘంలో సణుగుడు మొదలవుతుంది. రోజూ జరిగే పంపిణీలో గ్రీకు మాట్లాడేవారి విధవరాళ్లకు అందడం లేదన్నది ఫిర్యాదు. అపొస్తలులు ఆ పనికోసం ఏడుగురిని ప్రత్యేకంగా ఏర్పాటు చేయించారు. ఆ పంపిణీలో మరుపున పడింది ఎవరో చూడండి: భాష వేరైనవాళ్లు. ముఖం తెలిసినవాళ్లు ఎలాగూ గుర్తుకొస్తారు, వాళ్లకు జాబితా అక్కర్లేదు. తెలియనివాళ్లకే అది కావాలి. చర్చి ఆఫీసు మెళకువలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ అల్లుకున్నవే.

మొదటిది, ఏ వారం సంగతి ఆ వారమే రాయడం. ఇంగ్లండులో 1538లో రాజు మంత్రి థామస్ క్రామ్వెల్ ప్రతి పారిష్‌లోనూ పెళ్లి, బాప్తిస్మం, భూస్థాపన పుస్తకం ఉండాలని ఉత్తర్వు ఇచ్చాడు. గడిచిన వారంలో జరిగినవన్నీ ఆదివారం నాడు, చర్చి వార్డెను ఎదుట రాయాలి. ఆ పుస్తకం ఉంచే పెట్టెకు రెండు తాళాలు: ఒక తాళంచెవి గురువు దగ్గర, రెండోది వార్డెన్ల దగ్గర. ఒక్కడి జ్ఞాపకాన్నీ ఒక్కడి చేతినీ నమ్ముకోవద్దన్నది ఆ ఏర్పాటులోని తెలివి. ఇప్పటికీ దీన్ని మించిన సూత్రం లేదు. "తర్వాత రాద్దాంలే" అని డైరీలో దాచిన చీటీ డైరీతోపాటే పోతుంది.

రెండోది, వరుస. మన దేశంలో 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న పాస్టరు పెళ్లి చేస్తే వివరాలు రిజిస్టరులోనూ, దానికి జతగా ఉన్న సర్టిఫికెట్లోనూ రాయాలి. పెళ్లి చేసినవారు, వధూవరులు సంతకాలు చేయాలి, ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి. సర్టిఫికెట్ నంబరూ రిజిస్టరు నంబరూ ఒకటే కావాలి. విడదీసిన సర్టిఫికెట్ నెలలోపు మ్యారేజ్ రిజిస్ట్రారుకు చేరాలి. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వరుసగానే నిండాలి. మధ్యలో ఒక పేజీ ఖాళీ వదిలితే, రేపెవరో పాత తేదీతో లేని పెళ్లిని అక్కడ ఇరికించడానికి చోటిచ్చినట్టే.

మూడోది అన్నిటికన్నా అందమైనది: తప్పును చెరపకపోవడం. రిజిస్టరులో పొరపాటు కనిపిస్తే దిద్దే తీరు కూడా ఆ చట్టంలోనే ఉంది. అసలు రాతను ముట్టుకోకుండా, దంపతుల ఎదుట, వాళ్లు లేకుంటే ఇద్దరు సాక్షుల ఎదుట, మార్జిన్‌లో సవరణ రాసి సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ పూసిన పేరు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. తప్పూ దిద్దుబాటూ పక్కపక్కనే కనిపిస్తే పుస్తకం మీద నమ్మకం పెరుగుతుంది. కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఆ మార్జిన్‌కు ఇంకో పని కూడా ఉంది. జ్ఞానస్నానం పొందిన వ్యక్తికి వేరే ఊళ్లో పెళ్లయితే, అక్కడి గురువు ఈ విచారణకు కబురు పంపుతారు. జ్ఞానస్నానపు పుస్తకంలో ఆ పేరు పక్కన పెళ్లి వివరం ఎక్కుతుంది. మనిషి ఊరు దాటినా అతని కథ పుట్టింటి పుస్తకానికి చేరుతూనే ఉంటుంది.

నాలుగోది పేరు. తెలుగు సంఘాల్లో అసలు చిక్కు ఇక్కడే. ఒక్క సంఘంలో నలుగురు మేరీలు, ముగ్గురు ఏసురత్నాలు ఉంటారు. బాప్తిస్మంలో పెట్టిన పేరొకటి, బళ్లో రాయించింది ఇంకొకటి. "సైకిల్ షాపు డేవిడ్ గారి రెండో అమ్మాయి" అంటే ఇవాళ అందరికీ తెలుసు. సైకిల్ షాపు మూతపడ్డాక? అందుకే ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, పుట్టిన తేదీ, బళ్లో రాయించిన పేరు అన్నీ అడిగి రాయాలి. ఇంటిపేరును బట్టి అక్షరక్రమంలో ఒక సూచిక కట్టుకోవాలి. కంప్యూటరు బాగా అక్కరకొచ్చేది ఈ వెతుకులాటకే. సంతకాలున్న పుస్తకమే అసలు, తెర మీద ఉన్నది దానికి దారి చూపే పట్టిక.

పేరులాగే అంకె కూడా కచ్చితంగా రాయాలి. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. రెండు వేల పైచిలుకు అని వదిలేయకుండా ఆఖరి మనిషి దాకా లెక్కపెట్టారు కాబట్టే ఆ అంకె ఇవాళ్టికీ నిలిచింది.

ఇక డబ్బు. కానుకల సంచి ఒక్కరే విప్పకూడదు. ఇద్దరు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, సోమవారం బ్యాంకులో వేయాలి. వచ్చిన కానుకలోంచి ఖర్చు పెట్టి మిగిలింది జమ చేయడం గొడవలకు తొలిమెట్టు. కోతపండుగ లెక్క మరీ కష్టం. ఆ రోజు కానుక ఒక్కోసారి కాళ్ల మీద నడిచొస్తుంది: కోళ్లు, మేకపిల్ల, వాటి వెనక గుమ్మడికాయలూ బియ్యం బస్తాలూ. వాటి వేలంపాటలో హుషారుగా పాడినవాళ్లలో కొందరు "వచ్చే నెల ఇస్తాను అయ్యగారూ" అంటారు. వస్తువు, పాడినవారు, పాట మొత్తం, ఇచ్చింది, బాకీ అని ఐదు గడులు గీసుకుంటే మొహమాటానికి పని ఉండదు. అడిగేది మనిషి కాదు, పుస్తకం.

మిగతాదంతా వారం వారం తిరిగే తిరగలి. వచ్చిన ఉత్తరానికి ఇన్‌వార్డు నంబరు, పోయినదానికి అవుట్‌వార్డు నంబరు. మూడు ఆదివారాలు చదవాల్సిన పెళ్లి ప్రకటనలకు ఒక చిట్టా. పెళ్లిళ్లకూ కూటాలకూ అంతా ఒకే క్యాలెండరు.

ఇదంతా గుమాస్తాపనిలా కనిపిస్తుంది. కానీ ఆ 1872 చట్టం కిందే రిజిస్టరు నుంచి తీసిన ధ్రువీకృత నకలు సాక్ష్యంగా చెల్లుతుంది. ఆస్తి పంపకంలోనో వితంతువు పింఛను దగ్గరో ఒక్క వరుస రాత ఒక ఇంటికి ఆసరా అవుతుంది. ఆ వరుస రాసిన చేతికి ఆ ఇల్లెవరిదో తెలియదు.

మీ చర్చి ఆఫీసు పద్ధతిగా ఉందో లేదో తెలియాలంటే, దాన్ని చూసుకునేవారిని పది రోజులు సెలవు మీద పంపండి. మెట్ల మీదికి ఆ పెద్దాయన వచ్చినా వాళ్ల ఫోను మోగకపోతే, పద్ధతిగా ఉన్నట్టే.