నెయ్యి గిన్నె ఎవరి చేతికి?

పల్లెటూరి పెళ్లిలో వడ్డనకు ఇరవైమంది కుర్రాళ్లు వచ్చారనుకోండి. పెద్దాయన ఒకరు పందిట్లో నిలబడి ‘నువ్వు నెయ్యి పట్టు, నువ్వు మంచినీళ్లు చూసుకో, నువ్వు ఈ బంతి లేవగానే ఆకులు తీయించు’ అంటే చాలు, చివరి బంతి లేచేదాకా ఒక్కడూ కూర్చోడు. ఆ మాట చెప్పే మనిషి లేకపోతే ఇరవైమందీ పందిరి రాటలకు ఆనుకుని నిలబడతారు. అరగంట తర్వాత పదిమందే మిగులుతారు, వాళ్లూ సెల్‌ఫోన్లలో తలదూర్చి. ఊరి గ్రంథాలయం నడిపేవాళ్లు, బడి అయ్యాక పేదపిల్లలకు చదువు చెప్పించేవాళ్లు, వృద్ధాశ్రమాల నిర్వాహకులు తరచూ అనే మాట ఒకటుంది: ‘ఈ రోజుల్లో సేవాభావం ఎవరికుందండీ?’ సేవాభావానికి కరువొచ్చిందని నేననుకోను. గిన్నె చేతికిచ్చేవాళ్లకే కరువొచ్చింది. చేతికిచ్చే పనికి ఒక కొలత, ఒక గడువు, వెనక అడిగితే బదులు చెప్పే మనిషి ఉంటే జనం వస్తారు, వచ్చినవాళ్లు నిలుస్తారు. ఈ మూడూ లేకుండా ఎంత గొప్ప ఆశయం చెప్పినా మొదటి ఆదివారం వచ్చినవాళ్లు మూడో ఆదివారం కనిపించరు.

తిరుమలలో శ్రీవారి సేవ 2000లో మొదలైంది. బృందాలుగా వచ్చి వారం రోజులు ఉండి క్యూలైన్లలో, అన్నప్రసాదం దగ్గర, భక్తులకు దారి చూపే చోట పనిచేసి వెళ్తారు. గృహిణులు, రైతులు, రిటైరైన ఉద్యోగులు పేరు నమోదు చేసుకుని తమ వంతు కోసం ఎదురుచూస్తారు. ‘వాళ్లు వచ్చేది దేవుడి కోసం, దానికీ మామూలు సంఘాలకీ పోలికేమిటి’ అని కొట్టిపారేయడం తేలికే. భక్తి కొండ మీదికి రప్పిస్తుంది, నిజమే. కానీ అంత భక్తి ఉన్న మనిషిని కూడా ‘రేపట్నుంచి రండి, ఏదో ఒకటి చేద్దురుగాని’ అంటే ఎన్నాళ్లు ఉంటారు? ఏడు రోజులని ముందే తెలుసు కాబట్టి ఇంట్లో పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలో, పొలం పని ఎప్పటికి సర్దుకోవాలో లెక్క కుదురుతుంది. మెడలో కండువా పడగానే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. భక్తి లేని చోట ఈ ఏర్పాటు ఇంకా ఎక్కువ అవసరం.

దేవుడి ప్రస్తావనే లేని రుజువు కేరళలో ఉంది. నయంకాని జబ్బుతో మంచం పట్టినవాళ్లకు నొప్పి తగ్గించి తోడుండే వైద్యాన్ని, అంటే పాలియేటివ్ కేర్‌ను, 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు ఒక సొసైటీగా మొదలుపెట్టారు. ఆస్పత్రికి రాలేని రోగులే ఎక్కువని తేలాక, 1990ల చివర మలప్పురం జిల్లా నుంచి ఇరుగుపొరుగువాళ్లతోనే ఒక వల అల్లారు. వాళ్లు జనాన్ని అడిగింది వారానికి కనీసం రెండు గంటలు. దానికి ముందు 16 గంటల శిక్షణ. రోగితో ఎలా మాట్లాడాలి, పుండ్లు పడకుండా ఎలా చూసుకోవాలి, ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో ఎలా కనిపెట్టాలి, ఇవీ పాఠాలు. మందుల సంగతి నర్సుదీ డాక్టరుదీ. ఈ గీత మామూలుది కాదు. చావు దగ్గరపడిన మనిషి పక్కన కూర్చున్న దుకాణదారుడికో కాలేజీ పిల్లకో ‘నేను చేయకూడనిది ఏమిటి’ అని తెలియడమే పెద్ద ఆసరా. తన చేతిలో లేనిదానికి తనను తాను తిట్టుకోకుండా మర్నాడు మళ్లీ రాగలుగుతారు. ఖర్చులో పెద్దభాగం కూడా ఊళ్లోవాళ్ల చిన్నచిన్న చందాలే. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంగా ప్రకటించింది.

సేవకు గంటలు లెక్కపెట్టడమా అని పాతతరం నొచ్చుకుంటుంది. లెక్కపెడితే కూలిపని అవుతుందని వాళ్ల బాధ. కానీ లెక్క లేకపోతే ఎవరు మిగులుతారో చూడండి. పింఛను వస్తున్నవాళ్లు, పిల్లలు స్థిరపడినవాళ్లు, తీరికా స్తోమతా ఉన్నవాళ్లు. అంగన్‌వాడీ ఆయమ్మ, ఆటో నడిపే కుర్రాడు, పరీక్షలున్న విద్యార్థి ముందే తప్పుకుంటారు. ‘మీ దగ్గరున్నంత సమయం ఇవ్వండి’ అన్న మాట వినడానికి ఉదారంగా ఉంటుంది గానీ, అవతలివాళ్ల చెవికి ‘ఇక మిమ్మల్ని వదలం’ అన్నట్టే పడుతుంది. రెండు గంటలంటే జంకు ఉండదు. అలా వచ్చినవాళ్లలో కొందరు ఐదు గంటలు ఉంటారు, అది వాళ్ల ఇష్టం.

మన దగ్గరా ఇంతకంటే పెద్ద ఉదాహరణే ఉంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు, చిత్తూరు లాంటి జిల్లాల్లో జీతం లేని వాలంటీర్ల మీదే నడిచింది. ఒక్కొక్కరికి పదిమంది అటూఇటూగా వయోజనులు, మూడు భాగాల వాచకం, దాదాపు 200 గంటల పని. ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో పదో తరగతి చదివిన పిల్లకు కూడా తెలుసు. ఆ రాత్రిబడుల చర్చల్లోంచే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కానీ ఆ తర్వాతి దశ సంగతి కూడా చెప్పాలి. మూడో వాచకం ముగిశాక, నేర్చుకున్నది మరిచిపోకుండా ‘కొనసాగించాలి’ అన్నారు. ఎన్నాళ్లో, దేనిదాకానో మొదటి దశలో ఉన్నంత స్పష్టత లేదు. వాలంటీర్లు సడలిపోయారు, చాలామంది కొత్తగా చదువుకున్నవాళ్లు మళ్లీ వేలిముద్రకు దిగారు. ఊరూ అదే, మనుషులూ వాళ్లే. పని అంచు చెరిగిపోయింది, అంతే.

గడియారం ఒక్కటే సరిపోతుందా అంటే, పోదు. జాతీయ సేవా పథకం, మన ఎన్ఎస్ఎస్, గాంధీ శతజయంతి ఏడాది 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లలో 240 గంటలని లెక్క ఉంది, ఏడు రోజుల శిబిరం ఉంది. మంచి ప్రోగ్రాం ఆఫీసరు దొరికిన కాలేజీలో ఆ పిల్లలు ఊరిని మార్చి వస్తారు. దొరకని చోట గంటలు రిజిస్టరులో నిండుతాయి, చీపుళ్లు ఫొటోలో పడతాయి, సర్టిఫికెట్టు ఇంటికి వస్తుంది. హైదరాబాద్ ఐటీ కంపెనీల ఒక్కరోజు సేవలదీ ఇదే దారి. ఒకే సర్కారు బడి గోడకు ఏటా రంగు పడుతుంది, ఆ గోడ లోపల లెక్కల టీచరు ఖాళీ అలాగే ఉంటుంది. గంటల కొలత పని కొలతకు బదులు కాదు.

మరి కొంత డబ్బిస్తే నిలవరా అని అడుగుతారు. ఇజ్రాయెల్‌లో యూరి గ్నీజీ, ఆల్డో రస్టికీని 2000లో ప్రకటించిన ఒక ప్రయోగంలో హైస్కూలు విద్యార్థులు ఇంటింటికీ తిరిగి విరాళాలు వసూలు చేశారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు, కొందరికి వసూలులో ఒక శాతం, మరికొందరికి పది శాతం ఇస్తామన్నారు, అదీ విరాళంలోంచి కాకుండా విడిగా. ఏమీ తీసుకోనివాళ్లే ఎక్కువ తెచ్చారు. ఒక శాతం వాళ్లు అందరికన్నా వెనకబడ్డారు, పది శాతం వాళ్లు కూడా మొదటివాళ్లను అందుకోలేదు. చిల్లర చేతిలో పెట్టగానే మనిషి తన శ్రమకు వెల కట్టుకుని చూసుకుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సుమారు 50 ఇళ్లకు ఒకరి చొప్పున నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో నియమించినవాళ్లకు వాలంటీర్లనే పేరు పెట్టారు. మంచిచెడ్డలు అలా ఉంచితే, అది ఉద్యోగంలాంటి పని, దాన్ని ఉద్యోగం కొలతతోనే చూడాలి. ఆ పేరు వల్ల అక్కడి సంఘాలు ‘వాలంటీర్లు కావాలి’ అంటే ముందుగా ‘జీతమెంత’ అన్న ప్రశ్న వస్తే ఆశ్చర్యం లేదు. అయితే బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం వేరు. అవి ఇవ్వకపోతే పేదవాడు తన జేబులోంచి సేవ చేయాల్సి వస్తుంది, అది అన్యాయం.

నాకు గట్టిగా తోచే అభ్యంతరం ఒక్కటే: ‘మాకే చేతులు చాలవు, మళ్లీ వీళ్లను చూసుకునేదెవరు?’ చిన్న సంఘాలకు ఇది నిజమైన కష్టం. స్వచ్ఛందంగా వచ్చే మనిషి ఉచితంగా రాడు. శిక్షణకో రోజు, సందేహం వస్తే ఎత్తే ఫోను, నెలకోసారి కూర్చోబెట్టి వినడం, అన్నీ ఖర్చే. చేతులు చాలనివాళ్లు యాభైమందిని పిలవడం మానేసి ఐదుగురిని తీసుకోవాలి. ఏడాది నిలిచిన ఒకరికి మరో ఐదుగురిని అప్పజెప్పాలి. వద్దనుకుని వెళ్లేవాళ్లను నిష్ఠూరం లేకుండా పంపాలి, వాళ్లు పండక్కి మళ్లీ రావచ్చు. ఇప్పుడు ఎక్కువచోట్ల జరిగేది వేరు. రక్తదాన శిబిరంలోనో పుస్తక ప్రదర్శనలోనో ఒక కాగితం పెట్టి పేర్లు, నంబర్లు రాయించుకుంటారు. ఆ కాగితం బీరువాలోకి వెళ్తుంది. వారం లోపు ఫోన్ రాకపోతే రాసినవాళ్లు రాసిన సంగతే మరిచిపోతారు. ఆ ఫోన్లు చేసే మనిషికి నెలజీతం ఇవ్వండని అడిగితే దాతలు మొహం చిట్లిస్తారు. బియ్యం బస్తాలైతే వెంటనే పంపిస్తారు, వాటి పక్కన నిలబడి ఫొటో దిగవచ్చు.