చెవిలో పాట, తెల్లారి ట్యూషను

గురుపౌర్ణమికి కైవారంలో ఎప్పటిలాగే పాట ఆగలేదు. యోగి నారేయణ మఠంలో మూడు రోజులు, రాత్రనకా పగలనకా, ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కి పాడుతూనే ఉన్నారు. అర్ధరాత్రి దాటాక చుట్టూ చూస్తే మనసు నిండిపోయింది. చింతామణి, శిడ్లఘట్ట వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, మీసాలు మొలుస్తున్న వయసు వాళ్ళు, చేతిసంచులే తలగడలుగా పెట్టుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు. పక్కనే మృదంగం మోగుతోంది. ఒక్కరూ కదల్లేదు.

చింతామణి నుంచి వచ్చిన ఒక తల్లి నన్ను గుర్తుపట్టి పలకరించింది. కూతురు పీయూసీ మొదటి సంవత్సరమట. "రాత్రంతా చెవుల్లో పాట పెట్టుకోనే పడుకుంటుందన్నా. ఎంత చెప్పినా ఇనదు. నిద్ర చెడిపోదా? నువ్వన్నా పేపర్లో ఒక మాట రాయి" అంది. ఆ పాప మాత్రం అంత హోరులోనూ తల్లి మోకాలికి ఆనుకుని హాయిగా నిద్రపోతోంది.

పాట మీద ఎవరు ఫిర్యాదు చేసినా నేను పాట పక్షమేనని ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు. కైవారం తాతయ్య, అంటే ఆ మఠం పేరులోని యోగి నారేయణ, గాజులమ్ముకుంటూ ఊళ్ళు తిరిగిన మనిషి. తెలుగులోనూ కన్నడంలోనూ పాడి, 'అమర నారేయణ' ముద్ర వేసి మనకు వదిలి వెళ్ళాడు. ఆ పాటలు ఫోన్లలో ఉంటే చాలదు, పిల్లల నోట్లో ఉండాలని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. ఇంకా రాస్తాను. ఇక నిద్రకూ పాటకూ చుట్టరికం ఈనాటిదా? తిరుమలలో రోజూ ఏకాంత సేవలో దేవుడికే తాళ్ళపాక వారి లాలి పాడి నిద్రపుచ్చుతారు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు జోలపాట పాడిన మనమే పదహారేళ్ళు రాగానే పాట వద్దంటే ఏం న్యాయం?

అసలు మేమంతా పాట కింద నిద్రపోయి పెరిగినవాళ్ళమే. మాది బాగేపల్లి దగ్గర చిత్రావతి పక్క పల్లె. శివరాత్రి వెళ్ళాక జాతర, జాతరకు నాటకం. ఎక్కువగా 'కురుక్షేత్రం'. వేషాలు కట్టేది ఊరి రైతులే. నెలల తరబడి హార్మోనియం మాస్టరును ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, పద్యాలు నేర్చుకునేవాళ్ళు. మడకపట్టిన చేతులతో గద పట్టుకుని, పొద్దంతా ఎద్దుల్ని అదిలించిన గొంతుతో రాగం తీసేవాళ్ళు.

మాకు రంగస్థలం ముందే చోటు. మధ్యాహ్నమే వెళ్ళి గోనెసంచులు పరిచి వచ్చేవాళ్ళం. రాత్రి కంబళ్ళు తెచ్చుకునేవాళ్ళం. కృష్ణుడు రాయబారానికి బయల్దేరేలోపే సగంమందికి కళ్ళు మూతలు పడేవి. పడుకునే ముందు పక్కవాడికి ఒక్కటే అప్పగింత: "భీముడొస్తే లేపు." వాడూ నిద్రపోయేవాడు. పద్యం పైకి లేచినప్పుడు ఒక కన్ను తెరుచుకునేది. అద్దాల కిరీటం మెరుపు, రాగం లాగుతూ ఉబ్బిన మెడనరాలు, హార్మోనియం మెట్ల మీద చకచకా కదిలే వేళ్ళు, అంతే, మళ్ళీ నిద్ర. నడుమ అవ్వ ఎవరి పిల్లాడో చూడకుండా అందరి మీదా కంబళి సర్దేది. దుర్యోధనుడి తొడ విరిగేసరికి తూరుపు తెల్లబారేది.

ఇంత గుర్తుచేసుకున్నాక ఆ తల్లికి "పాప జోలికి పోవద్దు" అని రాసి ముగించేవాణ్ణే. కానీ నాటకం మర్నాటి సంగతి కూడా గుర్తొచ్చింది. తెల్లారితే ఊరంతా నిద్రే. బడిలో పాఠం చెప్పే అయ్యవారే శకుని వేషం కట్టినాయన. ముఖాన అర్దళం పూర్తిగా పోకుండానే, ఎండ ఎక్కాక, వచ్చి బడి తెరిచేవాడు. మమ్మల్ని లేపినవాళ్ళు ఎవరూ లేరు. మేము బాగా నిద్రపోయింది పాట వల్ల అనుకుంటూ వచ్చాను గానీ, అందులో పాట పుణ్యం సగమే. తెల్లారి ఎవరూ లేపకపోవడమే మిగతా సగం.

పాట నిద్రకు మందు అనడానికి ఆధారాలు లేకపోలేదు. నిద్రపట్టని పెద్దవాళ్ళ మీద జరిగిన 13 పరీక్షల్ని కోక్రేన్ సంస్థ 2022లో కలిపి చూసి, సంగీతం విన్నవాళ్ళు తమకు నిద్ర మెరుగైందన్నారని తేల్చింది. ఎదురు సాక్ష్యమూ ఉంది. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయపు మైకేల్ స్కలిన్ బృందం 2021లో చూపించిందేమంటే, పడుకునేముందు విన్న పాట కొందరి బుర్రలో రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది, వాళ్ళ నిద్ర చెడుతుంది. మాటలు తీసేసి బాణీ ఒక్కటే వినిపిస్తే ఇది తగ్గాలి కదా, ఇంకా ఎక్కువైంది. కాబట్టి పాట పెట్టుకోండి, కానీ చెవిలో కాదు, పక్కన చిన్నగా. అరగంటకు దానంతటదే ఆగేట్టు టైమరు పెట్టుకోండి. తిరుమలలోనూ లాలి అయిపోతుంది, తలుపులు మూస్తారు.

కానీ ఆ తల్లికి నేను చెప్పాల్సింది ఇది కాదు. ఆ పాప పొద్దు ఎట్లా నడుస్తుందో అడిగాను. వాళ్ళది పట్టుపురుగుల ఇల్లు. నాలుగో జ్వరం లేచిన, అంటే నాలుగోసారి పొర విడిచిన, పురుగుకు ఆకు ఎంత వేసినా చాలదు. తట్టల మీద సన్నటి వాన కురుస్తున్నట్టు చప్పుడు, చూస్తుండగానే ఈనెలు మిగులుతాయి. రాత్రి చివరి మేత వేసి పాప పడుకునేసరికి పదకొండు. ట్యూషను ఆరింటికి, బస్సు అయిదున్నరకు, అంటే లేవాల్సింది అయిదుకు. నిద్రకు మిగిలింది ఆరు గంటలు. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులంటారు. పైగా ఆ ఈడులో నిద్రను పిలిచే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా ఊరుతుంది. తొందరగా పడుకోమంటే మాత్రం పట్టేదెట్లా?

ఆ పిల్ల నిద్రను తిన్నది పాట కాదు. పురుగుకు మేత వేసి, పుస్తకం మూసి, పడుకున్నాక ఆ పాట వినే కాసేపే రోజు మొత్తంలో తనది. మనం దాన్ని కూడా గుంజుకోవాలని చూస్తున్నాం.

కాలిఫోర్నియాలో 2022 జూలై నుంచి హైస్కూళ్ళు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టకూడదని చట్టమే ఉంది. మనకు చట్టం దాకా అక్కర్లేదు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ట్యూషను మాస్టర్లు కూడబలుక్కుంటే చాలు. ఆరింటి బ్యాచ్‌ను సాయంత్రానికి మార్చండి, లేదా ఏడున్నరకు జరపండి. ఒక్కరే మారిస్తే పిల్లలు పక్కవాళ్ళ దగ్గరికి పోతారన్న భయం నాకు తెలుసు. అందుకే ముగ్గురూ నలుగురూ కలిసి మార్చమంటున్నాను. తల్లిదండ్రులు ఇయర్‌ఫోన్ల మీద చూపే కోపాన్ని ఈ ఒక్క కోరిక మీదికి మళ్ళిస్తే, వచ్చే పరీక్షల లోపే ఇది జరిగి తీరుతుంది.