రహీం సాబ్ పాస్ ఇమ్మన్నాడు

‘మైదాన్’ చూసి ఏడ్చాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఇక మిగిలిందంతా ఆ సినిమాతో నా పేచీ. 2024 ఏప్రిల్‌లో థియేటర్లో ఒకసారి, ఈమధ్య ఇంట్లో ఇంకోసారి చూశాను. రెండుసార్లూ జకార్తా ఫైనల్ దగ్గర గొంతు పట్టేసింది. కానీ మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మీద మూడు గంటల సినిమా చూశాక కూడా, ఈయన ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నాడన్న ప్రశ్న అలాగే మిగిలింది.

కథ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌తో మొదలవుతుంది. యుగోస్లేవియా చేతిలో 10-1 తేడాతో చిత్తయిన మన జట్టు, చాలామంది కాళ్లకు బూట్లు కూడా లేవు. అక్కణ్ణుంచి 1962 ఆసియా క్రీడల బంగారు పతకం దాకా ప్రయాణం. మ్యాచ్‌లు తీసిన పద్ధతికి వంక పెట్టలేను. పేచీ మొదలుతోనే. హెల్సింకీకి ముందు ఏడాదే, 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం జట్టు బంగారం గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు కొట్టింది. పడి లేచిన హీరో కావాలి కాబట్టి సినిమా పడిన రోజుతో మొదలుపెట్టింది.

నన్నడిగితే ఈ కథ 1920లలో మొదలవ్వాలి. మూసీ ఒడ్డున, హైకోర్టు దగ్గరున్న సిటీ కాలేజీ విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టారు. పేరు ఎలెవెన్ హంటర్స్. కుర్రాడు రహీం అందులో ఆడాడు. తర్వాత ఉస్మానియాలో బీఏ చేశాడు, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పంతులుగా పనిచేశాడు. ఆ జట్టు పేరు చూడండి: పదకొండు మంది వేటగాళ్లు. పేరులో లెక్క ఉంది గానీ నాయకుడు లేడు.

ఆ పంతులు తర్వాత హైదరాబాద్ పిల్లలకి వింత టోర్నమెంట్లు పెట్టాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలిందా, పక్కవాడికి ఇచ్చెయ్. నా మటుకు రహీం జీవితం మొత్తానికి అర్థం ఈ ఒక్క రూల్లోనే ఉంది. సినిమా మాత్రం దాన్ని తిరగేసింది. బంతి ఒక్కడి దగ్గర ఉండొద్దని నేర్పిన మనిషి మీద తీసిన సినిమాలో బంతి ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుంది. సిగరెట్, దగ్గు, పగబట్టిన జర్నలిస్టు, ఫెడరేషన్ మీటింగులు, అన్నీ ఆయన చుట్టూనే. ఆటగాళ్లు తలా ఒక గుర్తుతో పరిచయమై వెనక వరసలోకి వెళ్లిపోతారు.

ఒక్కడి కథ చెబుతూ పదిమందినీ నిలబెట్టడం కుదరదా? కుదురుతుంది. పాలకుర్తి సోమనాథుడు ఎప్పుడో చేసి చూపించాడు. బసవపురాణం పేరుకి బసవన్న కథ. కానీ అందులో చాకలి మడివాలు మాచయ్య వచ్చినప్పుడు కథ అతనిదైపోతుంది. కన్నప్ప వస్తే కన్నప్పది. బసవన్న పక్కకి జరిగి వినేవాడవుతాడు, దానివల్ల చిన్నవాడేమీ అయిపోడు. ఒక రకంగా అది పాస్ ఇవ్వడమే. పాలకుర్తి పేరుతో గర్వపడే మనం ఈ పద్ధతిని ఎందుకు వాడుకోవట్లేదో నాకర్థం కాదు.

‘మైదాన్’ ఆ పని చేసి ఉంటే ఎన్ని కథలు దొరికేవి! తలకి కుట్లతో ఆడి ఫైనల్లో గోల్ కొట్టిన జర్నైల్ సింగ్. జ్వరం నుంచి లేచొచ్చి గోల్ కాసిన తంగరాజ్. అందరికంటే ముఖ్యంగా తులసీదాస్ బలరాం, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పేదింటి పిల్లాడు. అదే జట్టులోని పీకే బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మశ్రీలొచ్చాయి, బలరాంకి రాలేదు. సినిమా విడుదలకి ఏడాది ముందు, 2023 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. అధికారులు మర్చిపోయిన ఆటగాణ్ణి సినిమా అయినా గుర్తుపెట్టుకోవాలి కదా. ఇక్కడ ఆయన మళ్లీ వెనక వరసలోనే ఉన్నాడు.

ఫైనల్ 2-1తో గెలిచాం. స్కోరు మాత్రం ఆ సినిమా సరిగ్గానే చెప్పింది.