గాలం కట్టె

ట్రౌట్ చేపకు చల్లటి కొండవాగులు కావాలి. మెదక్ ఎండకు అది బతకదు. ఈకలతో ఈగలాంటి ఎర అల్లి దాన్ని ఆశపెట్టే దొరల సరదా మనకు దక్కదు. దక్కకపోతేనేం, మంజీర మీద ఘనపురం ఆనకట్ట ఎగువన కొర్రమీను ఉంది.

ఇది తెలంగాణ రాష్ట్ర చేప. మొప్పలు చాలవు, గాలి పీల్చడానికి మాటిమాటికీ నీటిపైకి రాక తప్పదు. గాలం వేసేవాడి కన్నంతా ఆ గుటక మీదే. బుడగ లేచిన చోటికి కాస్త ముందుగా, తుంగ పక్కన, ఎర పడాలి. చప్పుడైందా, చేప పోయినట్టే. వెదురు కట్టె, దారం, కొక్కెం, బెండు, నాలుగు ఎర్రలు: సరంజామా ఇంతే. బెండు ఊరికే వణికితే గుంజొద్దు, అది చిన్న చేపల చిలిపితనం. మునిగి పక్కకు జారిందా, మణికట్టుతో ఒక్క గుంజు. ఆ అదను చెబితే వచ్చేది కాదు.

వలకు ఎక్కువ పడతాయి, నిజమే. నాకు మాత్రం ఒక్కో చేపతో విడిగా పంతం పట్టే గాలమే గొప్ప. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు పైన కదులుతుంటే కింద పెద్ద చేపలు కాపలా కాస్తుంటాయి. దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తాయి కనుక అప్పుడు పట్టడం మహా తేలిక. అలా పట్టేవాణ్ణి నేను గాలగాడని ఒప్పుకోను.