పన్నా ఎంత?

నా మొదటి నవల మళ్ళీ అచ్చు వేస్తామని ప్రచురణకర్త అనగానే సంబరపడిపోయి ప్రూఫులు ముందేసుకు కూర్చున్నాను. పదమూడేళ్ళనాటి పుస్తకం. పిల్లల పాత ఫొటోలు చూసుకున్నట్టు మురిసిపోదామనుకున్నాను. ఇరవయ్యో పేజీ దాటేసరికి చెమటలు పట్టాయి. కథానాయికవి విశాలమైన కళ్ళు. నాయకుడిది విశాలమైన నుదురు, దాని కింద విశాలమైన వక్షస్థలం. వాళ్ళిద్దరూ తొలిసారి ఎదురుపడింది విశాలమైన హాలులో. ఆ బంగళా ముందు తోట ఎలా ఉందో వేరే చెప్పాలా? పెన్సిలుతో సున్నాలు చుట్టుకుంటూ పోతే మొత్తం నలభై మూడు తేలాయి.

ఇది నా ఒక్కదాని జబ్బు కాదు లెండి. మన సీరియల్ నవలలు ఏది తిరగేసినా ఇదే వరస. కథానాయకుడికి ఇరుకు నుదురుంటే పాఠకురాలు ఒప్పుకోదని మాకెవరు చెప్పారో!

"విశాఖపట్నంలో ఉంటూ విశాలం రాయకపోతే ఎలాగోయ్" అని మావారు వేళాకోళమాడారు. విశాఖ అంటే విశాలం కాదండీ, నక్షత్రం అన్నాను. ఆయన పేపరులో తల దూర్చేశారు.

పోనీ మనకు వేరే మాటలు లేవా అంటే బోలెడున్నాయి. అమరకోశం తీస్తే విశాలం పక్కనే విపులం, పృథు, ఉరు వగైరా చుట్టాలంతా వరసగా కూర్చునుంటారు. భూమిని పృథివి అన్నా, ఉర్వి అన్నా ఆ వెడల్పు వల్లనే. అచ్చతెలుగులో వెడద ఉంది, విరివి ఉంది. 1852లో అచ్చయిన బ్రౌను దొర నిఘంటువు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది. అయినా నలభై మూడు సున్నాలు!

అలాగని ఒకటి తీసి ఇంకొకటి పెడితే సరిపోదు. "విపులంగా" అన్న మాటను పరీక్ష పేపర్లవాళ్ళు పట్టుకుపోయారు; అది వినగానే నాలుగు పేజీల జవాబు గుర్తొస్తుంది. విస్తీర్ణం దస్తావేజులో మాట. విస్తారం వానలకీ పంటలకీ. విరివి అంటే విచ్చుకుని పరుచుకోవడం. అంత చక్కటి మాటను "ఎక్కువగా" అనే అర్థానికి దించేసి, టీవీల్లో "విరివిగా లభించును" అంటున్నాం. ఏ మాట ఇల్లు దానిదే.

అసలు మాట నాకు పూర్ణా మార్కెట్ దగ్గర బట్టల కొట్లో దొరికింది. జాకెట్టు గుడ్డ ఎనభై సెంటీమీటర్లు చాలంటే కొట్టువాడు నవ్వి, "ఏటమ్మా, పన్నా సూడకుండా అలగంటే ఎలగ? ఇది సిన్నపన్నా, మీటరు పడతాది" అన్నాడు. చూశారా! అతనికి గుడ్డ విశాలమా, విపులమా అనే బాధ లేదు. ఎవరి ఒంటికి, ఎంత సరిపోతుంది, అంతే. మన అమ్మమ్మల మాటలన్నీ అలాంటివే. బెత్తెడు అంచు, చేరడేసి కళ్ళు, చాటంత మొహం, బండి పట్టేంత దారి. కొలతంతా చేతుల్లోనూ వంటింట్లోనూ ఉంది. ఎంత వెడల్పు అని అడిగితే, అందులో ఏది పడుతుందో చెప్పారు వాళ్ళు.

మా ఊరి పోర్టులోనూ ఇదే లెక్క. 1933లో తెరిచిన లోపలి హార్బరులోకి రావాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన సన్నటి కాలువలోంచి రావాలి. ఓడ పొడుగుతోబాటు వెడల్పు కూడా చూస్తారు. పట్టనివి బయట ఆగవలసిందే. సముద్రం ఎంత విశాలమైనా లెక్కలోకొచ్చేది కాలువే.

ఈ ఊరి వకీలే అయిన రావిశాస్త్రిగారు "అల్పజీవి" రాశారు. పేరులోనే చిన్నతనం. అందులో సుబ్బయ్య అనే పిరికి గుమాస్తా. అతని భయం ఎంతో మనకి లోపల్నుంచి తెలుస్తుంది, ఏ విశేషణమూ మోయక్కర్లేకుండానే. మేం మా కథానాయకుల ఛాతీ కొలిచాం గానీ, ఆ లోపలికి ఎప్పుడు వెళ్ళాం?

విశాలం అనే మాటతో నాకొచ్చిన చిక్కు ఇదీ. ఎవరికి విశాలం అన్నది అది చెప్పదు. వన్‌టౌన్‌లో మా పెద్దత్తయ్య ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేశారు. రోడ్డు విశాలమైంది, అత్తయ్య అరుగు పోయింది. సాయంత్రం అయిదుగురు కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకునే చోటు. "ఊరు పెద్దదయిందే, నాకే కూచునే చోటు లేదు" అంటుందావిడ. విశాలాంధ్ర అని మన పెద్దలు కోరుకున్నది 1956లో రాష్ట్రమైంది. 2014లో రెండయింది. అక్కడా చివరికి తేలని ప్రశ్న, ఇందులో ఎవరికెంత చోటు అనే కదా.

సున్నాలు దిద్దడం మొదలెట్టాను. హాలులో ఎన్ని చాపలు పరవచ్చో రాశాను. కళ్ళకి చేరడు తెచ్చాను. నాయకుడి నుదురు పూర్తిగా కొట్టేశాను, అతనికేం లోటు కాలేదు. నలభై రెండు అయ్యాయి.

మిగిలింది చివరి పేజీలోది. భర్త రెండేళ్ళు ఇంకొక ఇంట కాపురం చేసి తిరిగొస్తాడు. నా కథానాయిక తలుపు తీసి "విశాల హృదయంతో" క్షమిస్తుంది. అప్పట్లో ఈ వాక్యానికి ఎన్ని మెచ్చుకోలు ఉత్తరాలొచ్చాయనుకున్నారు! ఒక్క అనకాపల్లి పాఠకురాలు మాత్రం కార్డు ముక్క మీద రెండే వాక్యాలు రాసింది. "ఆవిడ హృదయం పన్నా ఎంతండీ? అందులో ఆవిడకి కూడా చోటుందా?" అప్పుడు నాకు కోపమొచ్చింది. కార్డు మాత్రం పారెయ్యలేదు.

నవలంతా వెతికాను. భర్తని విశాల హృదయుడని ఎక్కడా అనలేదు నేను. అతనికి ఛాతీ విశాలం, ఆవిడకి హృదయం విశాలం. పంపకం అలా చేశానన్నమాట!

ఆ మాట కొట్టేస్తే ఆవిడ తలుపు ఎందుకు తీసిందో కారణం రాయాలి. పిల్లవాడి ఫీజు కోసమా, పుట్టింట్లో చోటు లేకనా, నిజంగా అతనంటే ఇష్టమేనా? పదమూడేళ్ళ కిందట నేనావిణ్ణి అడగనేలేదు. ప్రూఫులు శుక్రవారం పంపాలి. చివరి పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. తలుపు దగ్గర, గొళ్ళెం మీద చెయ్యేసి ఆవిడ నిలబడే ఉంది.