శనివారం దర్బారు

తప్పు చేసినవాణ్ణి ఎవరు నిలదీయాలి? ఎక్కడ నిలదీయాలి? ఎంతమంది చూస్తుండగా నిలదీయాలి? ఈ ప్రశ్నలు మనకు కొత్తవి కావు. ఊళ్లో రచ్చబండ దగ్గర పెద్దమనుషులు, బస్తీల్లో మసీదు కమిటీ పెద్దలు తరాలుగా చేస్తున్న పనే ఇది. ఆ పంచాయితీల్లో తీర్పు ఎటు మొగ్గుతుందో ఆడవాళ్లకు తెలుసు, దళితులకు తెలుసు, మాలాంటి సాయిబులకూ తెలుసు. ఇవాళ ఆ రచ్చబండ టీవీలోకి నడిచొచ్చింది. దాని పేరు బిగ్‌బాస్.

2017 జులైలో స్టార్ మా చానల్లో తెలుగు బిగ్‌బాస్ మొదలయింది. మొదటి ఏడు జూనియర్ ఎన్టీఆర్, రెండో ఏడు నాని, 2019 నుంచి నాగార్జున హోస్టులు. పదిహేను ఇరవైమంది ఆడవాళ్లనీ మగవాళ్లనీ ఓ ఇంట్లో పెట్టి తాళం వేస్తారు. బయటి లోకంతో సంబంధం ఉండదు. ఎటు చూసినా కెమెరాలే. వారం పొడుగునా వాళ్లు తిట్టుకున్నవీ, తోసుకున్నవీ, చెవుల్లో చెప్పుకున్నవీ అన్నీ రికార్డవుతాయి. శనివారం రాత్రి హోస్టు వస్తాడు. వీడియో వేయిస్తాడు. ఒకర్ని మెచ్చుకుంటాడు, ఒకర్ని లేపి నిలబెట్టి కడిగేస్తాడు. జనం చప్పట్లు కొడతారు. దీన్ని కోర్టు అనలేం. కోర్టులో వకీలుంటాడు, వాయిదా ఉంటుంది, పైకోర్టు ఉంటుంది. ఇది దర్బారు. దర్బారులో చట్టం ఒక్కటే, గద్దె మీద కూర్చున్నవాడి దయ.

ఈ దర్బారు నీతి ఎలాంటిదో ఒక్క ఉదంతం చూద్దాం. 2021 సెప్టెంబర్, ఐదో సీజన్ మూడో వారం. నామినేషన్ల సమయంలో నటి ప్రియ తోటి పోటీదారు లహరి మీద ఓ మాట వేసింది. అర్ధరాత్రి బాత్రూం దగ్గర యాంకర్ రవిని కౌగిలించుకోవడం చూశానని అందరి ముందూ అంది. అంతకుముందే రవి ప్రియ దగ్గర లహరి గురించి తేలిగ్గా మాట్లాడి ఉన్నాడు. అడిగితే నేననలేదన్నాడు. శనివారం నాగార్జున ఆ వీడియోను లహరికి చూపించాడు. రవి దొరికిపోయాడు. క్షమాపణలయ్యాయి. న్యాయం జరిగిందని చూసేవాళ్లు తృప్తిపడ్డారు. మర్నాడు ఇంట్లోంచి బయటికి వెళ్లింది ఎవరు? లహరి. ఓట్లు తక్కువొచ్చాయి, ఆట నిబంధన ప్రకారమే వెళ్లింది. ఒప్పుకుందాం. కాని ఆ అమ్మాయి మీద పడ్డ నిందని నామినేషన్ల నాడే రాష్ట్రమంతా విన్నది. రుజువు మాత్రం శనివారం దాకా ఆగింది. రుజువు ఎవరి దగ్గర ఉంది? నింద పడిన క్షణం నుంచీ నిర్వాహకుల దగ్గరే ఉంది. మధ్యలో ఉన్న రోజులన్నీ ఆమె ఇజ్జత్ మీద వ్యాపారం నడిచింది.

మా విశాఖపట్నానికి ఈ ఆటతో చుట్టరికం ఎక్కువే. 2018లో గెలిచిన కౌశల్ మా ఊరివాడే. ఆయన అభిమానులు ‘కౌశల్ ఆర్మీ’ పేరుతో దండు కట్టి, పక్షపాతం చూపుతున్నాడంటూ హోస్టు నాని మీదికే పోయారు. 2021లో రెండోస్థానంలో నిలిచిన షణ్ముఖ్ జస్వంత్, ఫైనల్ దాకా వచ్చిన సిరి హన్మంత్ ఇద్దరూ వైజాగువాళ్లే. ఆ ఏడాదంతా కూర్మన్నపాలెం కూడలిలో ఉక్కు కార్మికులు ఫ్యాక్టరీ అమ్మకానికి వ్యతిరేకంగా దీక్షల్లో కూర్చుని ఉన్నారు. ఫోన్లలో మాత్రం ‘మావాడికి ఓటెయ్యండి’ అన్న మాట తిరిగింది. ‘మావాడు’ అన్న ఈ మాటని గుర్తుపెట్టుకోండి. తర్వాత దీనితో పనుంది.

సిరి, షణ్ముఖ్ ఆ ఇంట్లో ఒకరికొకరు దగ్గరయ్యారు. బయట జనం కౌగిళ్లు లెక్కపెట్టారు. ఇంటివాళ్లు చూడటానికొచ్చే వారంలో సిరి తల్లి వచ్చి, ఆ కౌగిళ్లు తనకు నచ్చలేదని కెమెరా ముందే చెప్పింది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. మా ఇళ్లల్లో ఏ అమ్మీ అయినా అదే చెబుతుంది. కాని తలుపేసుకుని కూతురికి చెప్పుకోవలసిన మాటని లక్షలమందికి వినిపించి, మధ్యలో ప్రకటనలు వేసుకున్నవాళ్లది ఏం నీతి? ఇద్దరూ వయసొచ్చినవాళ్లు. ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకోలేదు. వాళ్లది తప్పో ఒప్పో తేల్చుకోవలసింది వాళ్లూ, వాళ్లని నమ్ముకున్నవాళ్లూ. ఇష్టమున్నచోట ఇన్ని ఆరాలు తీసిన ఆట, ఇష్టం లేనిచోట ఏం చేస్తుందో చూడాలి.

2019 జులైలో తెలుగు మూడో సీజన్ మొదలవకముందే, ఎంపిక దశలోనే తమతో అసభ్యంగా మాట్లాడారని ఇద్దరు మహిళలు హైదరాబాద్‌లో పోలీసుల దగ్గరికి వెళ్లారు. ఆట ఆగలేదు, అనుకున్న తేదీకే మొదలయింది. అదే నెలాఖరున తమిళ బిగ్‌బాస్‌లో ఇంకో వింత. బస్సుల్లో ఆడవాళ్లను తడిమే మగవాళ్ల గురించి కమల్‌హాసన్ మాట్లాడుతుంటే, నటుడు శరవణన్ చెయ్యెత్తి, కాలేజీ రోజుల్లో తానూ అందుకే బస్సెక్కేవాణ్ణన్నాడు. స్టూడియోలో జనం చప్పట్లు కొట్టారు. గాయని చిన్మయి లాంటివాళ్లు బయట నిలదీశాక గాని ఆటకు సోయి రాలేదు. శరవణన్ చేత క్షమాపణ చెప్పించారు. ఆగస్టు మొదట్లో ఇంట్లోంచి పంపేశారు. మాటని కోసెయ్యకుండా ప్రసారం చేసినవాళ్లెవరు? చప్పట్లని అలాగే ఉంచినవాళ్లెవరు? వాళ్లని ఏ ఇంట్లోంచీ ఎవరూ పంపలేదు. ఆ చప్పట్లు విన్న ఆడపిల్ల గాజువాక నుంచి కాంప్లెక్సుకి సిటీబస్సులో రోజూ ప్రయాణం చేసే పిల్ల కూడా కావచ్చు. ఆమెకు ఆ రాత్రి ఏం అర్థమై ఉంటుంది?

మన దేశంలో దీనికో చట్టముంది. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని ‘విశాఖ’ తీర్పు అంటారు. మా ఊరికి దానితో సంబంధం లేదు, అది రాజస్థాన్‌లోని ఓ మహిళా సంస్థ పేరు. బాల్యవివాహాల్ని అడ్డుకున్నందుకు అత్యాచారానికి గురైన భన్వరీదేవి కథ దాని వెనకుంది. ఆ తీర్పు నుంచే 2013 చట్టం వచ్చింది. పదిమంది పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి స్త్రీయే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా స్త్రీలుండాలి, బయటి మనిషి ఒకరుండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫిర్యాదు చేసిన ఆమె పేరు గాని, విచారణలో మాటలు గాని బయటపెట్టకూడదు. ఉక్కు ఫ్యాక్టరీ అయినా, పోర్టు ఆఫీసయినా ఇదే పద్ధతి. బిగ్‌బాస్ ఇల్లు మాత్రం పనిచేసే చోటు కాదా? అక్కడున్నవాళ్లు ఉత్తినే కూర్చోలేదు, డబ్బు తీసుకుని ఒప్పందం మీద పనిచేస్తున్నారు. చట్టం దేన్ని గుట్టుగా ఉంచమందో దాన్నే ఈ దర్బారు అమ్ముకుంటోంది. అవమానపడిన మనిషి తన అవమానాన్ని తనే తెరమీద చూసుకుంటుంటే, ఆమె ముఖం మీదికి కెమెరా దగ్గరగా వెళుతుంది.

ఇక మా సంగతి.

హార్బరు పక్కన మా వన్‌టౌన్‌లో మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి. వచ్చినవాళ్లకు చూపించి మతసామరస్యం అంటారు. సామరస్యం నిజమే, నేను కాదనను. కాని ఫొటోలో ఉన్నంతవరకే మేం ముద్దు. నోరు తెరిస్తే కథ మారుతుంది. బిగ్‌బాస్‌లోనూ అంతే. 2020లో సోహెల్, మెహబూబ్ అందరి మెప్పూ పొందారు. సోహెల్ ‘కథ వేరే ఉంటది’ అంటే తెలుగునాడంతా పలికింది. 2024 ఎనిమిదో సీజన్‌కి వరంగల్ కుర్రాడు నబీల్ వచ్చాడు, మెహబూబ్ మళ్లీ వచ్చాడు. అక్టోబర్‌లో ఇద్దరూ తమ కమ్యూనిటీ ఓట్ల గురించి మాట్లాడుకున్న మాటలు బయటపడ్డాయి. ఇక చూడండి గొడవ! మతం తెచ్చారు, ఆటని మైలపరిచారు అన్నారు. ఆ రోజుల్లోనే మెహబూబ్ బయటికొచ్చేశాడు.

అలా మాట్లాడుకోవడం మంచిదేనా? కాదు. ఆట ఆడి గెలవాలి, ఓట్లు మతాన్ని బట్టి అడగకూడదు. మరి అదే సీజన్లో బయట అభిమానులు కన్నడంవాళ్లు, తెలుగువాళ్లు అని చీలి తిట్టుకున్నారే, అది ఏ ఖాతాలో రాశారు? అభిమానం ఖాతాలో. ‘మా వైజాగువాడు’ అన్నది ఊరి ప్రేమ. ‘రైతుబిడ్డ’ అన్నది మట్టివాసన. ‘మావాళ్లు’ అని ఒక సాయిబు అంటే మాత్రం కుట్ర. 2023 డిసెంబర్‌లో ఏడో సీజన్ ముగిసిన రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. విజేత పల్లవి ప్రశాంత్ అరెస్టై జైలుకు వెళ్లాడు. అప్పుడెవరూ ఆ కుర్రాడి కులాన్నో మతాన్నో సంజాయిషీ అడగలేదు. అడగకూడదు కూడా. నేనడిగేది ఒక్కటే. ఆ రాయి విసిరినవాడి పేరు ఖాసిం అయివుంటే మర్నాటి చర్చ దేని మీద జరిగేది?

ఇక్కడ మావాళ్లకూ ఓ మాట చెప్పాలి. 2022లో హిందీ బిగ్‌బాస్‌లోకి దర్శకుడు సాజిద్‌ఖాన్‌ను తెచ్చారు. 2018లో ఆయన మీద పలువురు మహిళలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేసివున్నారు. ఆయన్ని తీసెయ్యమని ఢిల్లీ మహిళా కమిషన్ కేంద్రమంత్రికి లేఖ రాసింది. తీసెయ్యలేదు. పేరు మన పేరు కదా అని మనం నోరు మూసుకుంటే, లహరి మీద నింద వేసినవాళ్లకీ మనకీ తేడా లేదు. మొహల్లా పంచాయితీలో బిడ్డ ఏడుపు వినకుండా ఖాందాన్ ఇజ్జత్ గురించి మాట్లాడే పెద్దలు మనకూ ఉన్నారు. సిరి కౌగిళ్లు లెక్కపెట్టిన కళ్లే పక్కింటి పిల్ల బురఖా వేసుకుందా లేదా అని చూస్తాయి. శనివారం దర్బారుని తప్పుపట్టేవాళ్లం శుక్రవారం పంచాయితీని వెనకేసుకురాలేం.

మరి ఏం చెయ్యాలి? నిషేధించాలని కొందరంటారు. సి.పి.ఐ. నాయకుడు నారాయణ ఏళ్లుగా అంటున్నదదే. 2022లో అశ్లీలం అంటూ వేసిన పిటిషన్ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చింది. వాళ్ల కోపం నాకర్థమవుతుంది. కాని అశ్లీలం అన్న మాట దగ్గర ఆగితే మళ్లీ ఆడవాళ్ల బట్టల దగ్గరికే, కౌగిళ్ల దగ్గరికే వస్తాం. దెబ్బ తగిలేది అక్కడ కాదు. ఇష్టం లేని చెయ్యి, పరువు తీసే మాట, పుట్టుకని ఎత్తిచూపే వెక్కిరింత, దెబ్బ ఇక్కడ తగులుతుంది. 2007 జనవరిలో ఇంగ్లండులో శిల్పాశెట్టిని తోటివాళ్లు జాతి పేరుతో వేధిస్తే, ప్రేక్షకుల నుంచి 44,000కు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. స్పాన్సరు తప్పుకున్నాడు. ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ విచారించి, చానల్ 4 నిబంధనలు ఉల్లంఘించిందని తేల్చి, ఆ విషయాన్ని చానల్ చేతే ప్రసారం చేయించింది. అక్కడ దోషం వేధించినవాళ్లతో ఆగిపోలేదు, చూపించినవాళ్ల దాకా వెళ్లింది. కాని వ్యాపారం తెలివైనది. మర్నాటి ఏడు, 2008లో, వేధించినవాళ్లలో ఒకరైన జేడ్ గూడీని హిందీ బిగ్‌బాస్‌కి తెచ్చారు. హోస్టు శిల్పాశెట్టే! గాయం కూడా సరుకే అయింది.

అందుకే అడగవలసింది హోస్టు శనివారం ఎంత గట్టిగా కడిగేశాడని కాదు. సోమవారం తప్పు జరుగుతుంటే సోమవారమే ఆపే మనిషి ఆ ఇంట్లో ఉన్నాడా? కెమెరా లేని గదిలో ఓ ఆడమనిషి తన బాధ చెప్పుకోవడానికి, ఆ చానల్ జీతం తీసుకోని ఎవరైనా ఉన్నారా? తేలినదాన్ని నాలుగు ముక్కల్లో చెప్పి, వివరాలు అమ్ముకోకుండా ఉండగలరా? ఒకడి తప్పుని వాడి పేరుతోనే ఆపి, వాడి ఊరికీ, కులానికీ, మజ్‌హబ్‌కీ అంటించకుండా ఉండగలరా?

ఈ నాలుగూ మేం దయతో చెయ్యమని అడగడం లేదు. ఉక్కు ఫ్యాక్టరీలో గుమాస్తాకి ఉన్న హక్కే టీవీ ఇంట్లో మనిషికీ ఉండాలంటున్నాం. ఓటు మన చేతిలో ఉందని ప్రతి రాత్రీ చెబుతారు కదా. ఎవరు పోవాలో తేల్చడానికే ఆ వేలు పైకెత్తుతున్నాం. ఎలా విచారించాలో అడగడానికీ ఎత్తుదాం.