వేట కాని వేట

బారూక్ బ్లంబర్గ్ 2002లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం ‘హెపటైటిస్ బి: ప్రాణాంతక వైరస్ కోసం వేట’. పేరు ఆకర్షకమే, లోపలి కథకు మాత్రం తగదు. ఈ అమెరికన్ వైద్యుడు మొదట ఏ వైరస్‌నూ వెదకలేదు. రక్తంలోని ప్రోటీనులు మనిషికీ మనిషికీ వంశానుగతంగా ఎట్లా భేదిస్తాయో తెలుసుకోగోరి దేశదేశాల రక్తరసాలు సేకరించినాడు. పలుమార్లు రక్తం ఎక్కించుకొన్న హీమోఫిలియా రోగి రక్తరసాన్నీ, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తరసాన్నీ అగారు జిగురులో ఎదురెదురుగా ఉంచగా, నడుమ సన్నని గీత ఏర్పడినది. గీతకు కారణమైన ‘ఆస్ట్రేలియా ప్రతిజనకా’నికి ల్యుకీమియాతో సంబంధమున్నదేమోనని 1965లో ఆయన ఊహించినాడు. ఆ ఊహ నిలువలేదు. వేటగాడు ఎదురుచూడని జంతువు వలలో పడినదన్న మాట!

1967లో ఆయన ప్రయోగశాలలోని సహాయకురాలికి ఒంట్లో నలతగా తోచినది. తన రక్తాన్ని తానే పరీక్షించుకొన్నది. మరునాటి ఉదయానికి అదే గీత, మసకగా. తరువాత కామెర్లు బయటపడినవి. అదృష్టవశాన ఆమె పూర్తిగా కోలుకొన్నది. నా దృష్టిలో ఈ కథకంతటికీ గుండెకాయ ఇదే. కళ్లు పచ్చబడకముందే వైరస్ రక్తంలో ఉన్నది. ఏళ్ల తరబడి ఆరోగ్యంగా కనిపిస్తూనే దాన్ని మోసేవారూ ఉన్నారు. మనిషిని చూచి అతని రక్తం నిరపాయకరమని ఎట్లా చెప్పగలం?

1976 నాటి నోబెల్ బహుమానం, టీకా కథ విద్యార్థులకు ఉత్సాహకరమైనవే. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను మన దేశంలోనే తయారుచేసి విడుదల చేసినది. అయితే అది చదివి నిశ్చింతగా ఉండరాదు. హెపటైటిస్ సి కి, హెచ్.ఐ.వి.కి నేటికీ టీకా లేదు.

రక్తంతో నిత్యం పనిచేసేవారికే ఇట్లా జరిగినప్పుడు, మన తరగతిలోని రక్తవర్గాల ప్రయోగం సంగతేమిటి? ఒకే సూదిని స్పిరిటు దూదితో తుడిచి వరుసగా వేళ్లు గుచ్చే అలవాటు ఎక్కడ మిగిలి ఉన్నా మానవలెను. ఎండిన రక్తపు మరకలో సైతం హెపటైటిస్ బి వైరస్ కనీసం 7 రోజులు సజీవంగా ఉండగలదు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క కొత్త సూది. వాడగానే, మూత తిరిగి పెట్టబోక, గట్టి డబ్బాలో వేయవలెను. చిందిన రక్తాన్ని చేతితొడుగులతో, బ్లీచింగు ద్రావణంతో తుడవవలెను. ఒకరి సూది మరొకరికి గుచ్చుకొంటే వేలు నోట పెట్టుకోరాదు (ఆ అలవాటు మనకు చిన్ననాటిదే). సబ్బునీటితో కడిగి వెంటనే వైద్యుని చూడవలెను, హెచ్.ఐ.వి. నిరోధక మందులు అవసరమైతే 72 గంటలలోపే మొదలు పెట్టవలసి ఉంటుంది.